సెర్కెను తరిమిన తోడేలు

మా అక్క కడుపున పుట్టి, మా వంశంలో ఎవరికీ అంతుపట్టని గణితశాస్త్రాన్ని పట్టుకుని వేలాడుతున్న మేనకోడలు కుందూజ్‌కు, మేనమామ, విశ్రాంత భాషోపాధ్యాయుడు సగీనాలీ ఆశీర్వదించి రాయునది.

ఈ లేఖపై తేదీనీ, స్థలాన్నీ కావాలనే వేయలేదు. ప్రకృతిలో జరిగిన సత్యానికి తేదీతో పనిలేదని నా అభిప్రాయం. దీని మీద చర్చ వద్దు.

నీ జాబు జీపు డ్రైవరు ఉలాన్ చేత, పులిసిన గుర్రప్పాల కుమిస్ డబ్బాల మధ్య నలిగి, పుల్లటి వాసనతో వచ్చి చేరింది. అక్షరాలు చెరగలేదు. వాక్యాలే చెదిరి ఉన్నాయి. "మామయ్యా సెర్కె ఏమైంది లెక్కలు వింతగా ఉన్నాయి త్వరగా చెప్పండి" అని ఒక్క గుక్కలో రాశావు. ఇందులో మూడు వాక్యాలున్నాయి. వాటి మధ్య ఊపిరి తీసుకునే చోటు ఒక్కటీ లేదు. చదువుతూంటే నాకే ఆయాసం వచ్చింది.

ఇక విషయానికి వస్తాను. వసంతంలో నీవు వచ్చి, ఆడపడుచు బిడ్డ అడిగినది మేనమామ కాదనకూడదన్న మన ఆచారాన్ని అడ్డుపెట్టుకుని, నా మందలో కొన్ని జీవాల భుజాల్లో గోధుమగింజంత గాజుగొట్టాలను సూదితో ఎక్కించి వెళ్లావు. జీవం ఎటు తిరిగిందో, ఒళ్లెంత వేడిగా ఉందో అవి చెప్పే కబుర్లు వినడానికి మా గుడారం పక్కన ఒక కర్ర పాతి, దానికొక డబ్బా కట్టావు. గొర్రెలకు ముందు నడిచే మన మేకపోతు, అంటే సెర్కె, భుజంలోని గొట్టం ఒక పగలంతా డబ్బాకు అందలేదనీ, సాయంత్రం గుడారం చేరగానే దాచుకున్నదంతా ఒక్కసారి వెళ్లగక్కిందనీ, దాని ప్రకారం మేక గుర్రంలా దౌడు తీసిందనీ, కారణమేమిటనీ నీ ప్రశ్న.

కారణం తోడేలు.

బూడిదరంగుది, ఒంటి చెవిది. మన సెర్కె దాని కంటబడగానే లోయలోకి ఉరికింది. తోడేలు వెంటపడింది. రెండూ కింది మైదానంలో అటూ ఇటూ చాలాసేపు పరుగెత్తాయి. చివరకు సెర్కె తన శౌర్యంతో బయటపడి సాయంత్రానికి గడప చేరింది. నేను కళ్లారా చూశాను.

నా మాటకు సాక్ష్యం కావాలంటే ఈ లేఖనే నీ సిద్ధాంతగ్రంథం చివర జతపరచుకో. భాషాదోషాలు లేవు గనుక నీకు తలవంపు రాదు. కింద పూర్తి సంతకం చేశాను.

మీ అత్తయ్య బురుల్ ఒక సంచెడు కురుత్ ఉండలు పంపుతోంది. పరీక్షల కాలంలో ఉప్పటి పెరుగుండ నోట్లో వేసుకుంటే బుర్ర చురుగ్గా ఉంటుందట. ఆమె అభిప్రాయం ఆమెది.

ఇట్లు,
క్షేత్రపరిశీలకుడు, నీ మేనమామ
సగీనాలీ

*

బిష్కెక్,
జులై 9.

గౌరవనీయులైన మామయ్యకి నమస్కారం.

ఈ ఉత్తరంలో ఊపిరి తీసుకునే చోట్లు బోలెడు పెట్టాను. ఆయాసం రాదు.

తోడేలు కబురు చదివి గంతులేశాను. మీ ఉత్తరాన్ని అలాగే గ్రంథానికి జతచేసి, దాన్ని పరీక్షించే మండలికి ఇచ్చేశాను కూడా. "తోడేలుకు ఒక చెవి లేదని కూడా రాశాడు, ఎంత నిశితమైన పరిశీలన" అని మా పక్క గదిలోని ఇంజినీర్లు మెచ్చుకున్నారు.

కానీ మామయ్యా, గంతులయ్యాక కూర్చుని లెక్క వేస్తే అది కుదరలేదు. నా సమీకరణం చెప్పేది ఒక్కటే. మందలో ప్రతి జీవమూ తన చుట్టూ ఉన్న నాలుగైదింటిని మాత్రమే చూస్తుంది. అవి ఇంకో నాలుగైదింటిని చూస్తాయి. అలా మెడ మెడకీ కబురు పాకి, మొత్తం మంద ముందున్న సెర్కె వెంట నడుస్తుంది. సెర్కె ఎటు పోతోందో తెలిస్తే, మంద ఎటు పోతుందో ముందే చెప్పేయొచ్చు. మంచు విరిగిపడే వాలు మీదకి వెళ్లకుండా ఆపొచ్చు. ఇదే లెక్కతో, దారులు మూసుకుపోయిన ఊళ్లకి మందులు మోసుకెళ్లే చిన్న చిన్న ఎగిరే యంత్రాల గుంపుని నడపాలని మా ఇంజినీర్లు ఎదురుచూస్తున్నారు. ముందున్న యంత్రం ఒక్కటి దారి చూసుకుంటే చాలు, మిగతావన్నీ గొర్రెలే.

మరి ఆ రోజు తోడేలు సెర్కెను తరుముతుంటే, మిగతా మంద ఏం చేసిందో తెలుసా? మేసింది. తీరిగ్గా, ఉన్నచోటే చుట్టూ తిరుగుతూ మేసింది. ముందు నడిచేవాడు ప్రాణభయంతో పారిపోతుంటే ఒక్క గొర్రె కూడా తలెత్తలేదు. మీ తోడేలు నిజమైతే నా సమీకరణం అబద్ధం. సెప్టెంబరులో అల్మాటీ నుంచి రౌషన్ గారని ఒక పరీక్షకురాలు వస్తున్నారు. ఆవిడ మొదటి ప్రశ్న ఇదే అడుగుతారు. నా చదువంతా అక్కడితో సరి.

ఇంకో రెండు సందేహాలు. ఇంటికి చేరిన సెర్కె ఒళ్లు ఆ సాయంత్రం అంతకంతకూ వేడెక్కి, నీళ్లు మరిగేంత వేడికి చేరి, చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చల్లారి, మనిషి ఒంటి వేడి దగ్గర ఆగింది. అక్కడి నుంచి తూలుకుంటూ కచ్కిన్ బాబాయి గుడారానికి నడిచింది. ఇప్పటికీ అక్కడే ఉంటోంది. పొద్దెక్కేదాకా లేవడం లేదు.

మన సెర్కె కచ్కిన్ బాబాయి పక్క మీద ఏం చేస్తోంది మామయ్యా?

అత్తయ్యకి నా ముద్దులు. కురుత్ అయిపోయింది, ఇంజినీర్లు తినేశారు.

మీ మేనకోడలు
కుందూజ్

*

కోక్-జార్ జైలో,
జులై 17.

చిరంజీవి కుందూజ్‌కు ఈ వేసవి మేతల జైలో నుంచి ఆశీస్సులు.

నీ లేఖలో విరామచిహ్నాలు మెరుగుపడ్డాయి. అవిశ్వాసం కూడా పెరిగింది. మొదటిదానికి సంతోషం.

నీ సందేహాలకు వరుసగా సమాధానమిస్తాను.

మంద ఎందుకు బెదరలేదు? ఆ రోజు గాలి ఎదురుగా వీచింది. తోడేలు వాసన మందకు సోకలేదు. పైగా ఆ తోడేలు చాలా నెమ్మదైనది. అరవలేదు, పళ్లు చూపలేదు. తన పని తాను చూసుకుంది.

ఒళ్లు ఎందుకు వేడెక్కింది? పరుగెత్తి అలసిన సెర్కె దారిలో ఒక వేడినీటి ఊటలో దిగింది. కీళ్లనొప్పులున్నవారు దిగినట్టే. ఎక్కువసేపు ఉండిపోయింది.

కచ్కిన్ వద్ద ఎందుకుంది? కచ్కిన్ నాతో బడిలో చదివినవాడు, ఇప్పుడు పొరుగు గుడారంవాడు, నోటి దురుసు తప్ప చెడ్డవాడు కాడు. సెర్కె పడిన కష్టం చూసి జాలిపడి తనతో తీసుకువెళ్లాడు. ఆనాటి నుంచి దాన్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఇంతకంటే కచ్చితంగా ఈ సంగతిని ఏ భాషలోనూ చెప్పలేరు.

ఈ సమాధానాలతో పరీక్షకురాలు తృప్తి చెందుతుందని ఆశిస్తున్నాను. చెందకపోతే ఆమెకు పశుపోషణలో అనుభవం తక్కువని అర్థం చేసుకుని మన్నించు.

నాకు కొద్దిగా నడుమునొప్పి. కూర్చుని రాయడం కష్టంగా ఉన్నందున లేఖ ఇంతటితో ముగిస్తున్నాను. మీ అత్తయ్యకు ఈ నొప్పి సంగతి రాయవద్దు.

సగీనాలీ

*

బిష్కెక్,
జులై 28.

పూజ్యులైన మామయ్యకి,

కోక్-జార్ చుట్టుపక్కల ఎక్కడా వేడినీటి ఊట లేదు. ఉంటే అత్తయ్య బట్టలుతకడానికి పొయ్యి మీద అన్ని బిందెలు పెట్టదు.

అయినా మీ మీద నమ్మకంతో, ఆ పగటి పరుగును పెద్ద కాగితం మీద గీసి గోడకి అంటించాను. మా గురువుగారు ఎలెబెస్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి దాని ముందు ఆగిపోయారు.

"ఇదేంటి?"

"తోడేలు తరిమిన సెర్కె, సార్."

"ఎవరన్నారు?"

"మా మామయ్య. జీవితమంతా పాఠాలు చెప్పారు. అబద్ధం ఆడరు."

"పాఠాలు చెప్పేవాళ్లు ఆడరని నీకెవరు చెప్పారు? నేనూ చెప్తాను పాఠాలు." ఆయన వేలితో గీత వెంట పోయారు. "తోడేలు ఈ చివర నుంచి ఆ చివరకి తరుముతుందా? ఆ చివర కాసేపు ఆపుతుందా? మళ్లీ మధ్యకి తీసుకొచ్చి, ఇంకోసారి మొదలెడదాం అంటుందా? పిల్లా, కుర్రతనంలో నా ముందు పళ్లు రెండు ఇలాంటి మైదానంలోనే వదిలేసి వచ్చాను. ఇది కోక్-బోరు."

నిజమే మామయ్యా. కిర్గిజ్ పిల్లని, పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆట. తల తీసిన మేకను గుర్రాల మీద నుంచి లాక్కుంటూ పోయి అవతలి జట్టు మట్టిగుండంలో పడేసే ఆట. ముఖానికి ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేదు. సమీకరణం వేసుకున్న కళ్లకి సమీకరణమే కనబడుతుంది కాబోలు. మన సెర్కె ఆ రోజు పరిగెత్తలేదు. ఆ ఆటలో అది బంతి.

ఆ తర్వాతవన్నీ వాటంతటవే విడిపోయాయి. గెలిచినవాళ్లు మేకను ఎవరి గడప మీద విసిరితే ఆ ఇంట్లో విందు. మీ గడప మీద విసిరారు. అత్తయ్య కుండలో పెట్టింది. గొట్టం నీళ్లతో పాటు మరిగింది. భుజం ముక్క మర్యాదగా పొరుగువారికి పోయింది. గొట్టం ఇప్పుడు కచ్కిన్ బాబాయి కడుపులో ఉంది. కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాడని మీరు రాసింది అక్షరాలా నిజం. ఆ ఒక్క వాక్యానికి మీకు పూర్తి మార్కులు.

మంచి సంగతి కూడా ఉంది. సెర్కె అసలు మందలోనే లేదనుకుని లెక్క మళ్లీ వేశాను. ముందు నడిచేది లేకపోతే మంద చెదరదు, దిక్కు లేకుండా ఉన్నచోటే నెమ్మదిగా తిరుగుతుంది అని నా సమీకరణం ముందే చెప్పింది. గొర్రెలు అచ్చం అదే చేశాయి. అంటే తోడేలు ఉంటే నేను ఓడిపోయినట్టు. ఆట ఉంటే గెలిచినట్టు. కానీ తోడేలు ఉత్తరం మీ సంతకంతో మండలి దగ్గర ఉంది. దాన్ని కాదనగలిగేది మీరొక్కరే. జరిగింది జరిగినట్టు ఒక ఉత్తరం రాసివ్వండి మామయ్యా.

అన్నట్టు, ఆఖరి పరుగు చూసి ఎలెబెస్ గారు చాలా నవ్వారు. "వీడెవడో గోనెసంచిలా కూర్చున్నాడు గుర్రం మీద. చూడు, ఎడమకి పోబోయి తడబడ్డాడు. ముసలాడై ఉంటాడు. మేక గుండంలో పడటం వాడి అదృష్టం, వాడి పనితనం కాదు" అన్నారు. నా గ్రంథంలో కూడా "రౌతు పొరపాటున తిప్పిన మలుపు" అని రాసుకున్నాను. మీరు ఆట చూశారు కదా, రౌతు ఎవరో తెలిస్తే చెప్పండి. పాపం, పేరు రాయనులెండి.

మీ
కుందూజ్

*

కోక్-జార్ జైలో,
ఆగస్టు 4.

కుందూజ్‌కు,

నీ ఆచార్యుడు ఎలెబెస్‌కు ముందుపళ్లు ఎందుకు ఊడాయో నాకిప్పుడు అర్థమైంది. ఆట తెలియకుండా మైదానంలో దిగినవారికి అలాగే జరుగుతుంది.

అది తడబాటు కాదు. ఎదుట ఇద్దరు రౌతులు దారి మూశారు. కళ్లెం ఎడమకు చూపి, ఆ ఇద్దరూ ఎడమకు ఒరిగాక, మోకాలితో గుర్రాన్ని కుడికి తిప్పడం జరిగింది. మేక బరువు కుడి తొడ కింద నొక్కిపట్టబడింది. గుండం అంచున గుర్రం ఆపబడలేదు. ఆపితే వెనకనుంచి వచ్చేవాడు కాలు పట్టుకుని లాగుతాడు. గుర్రం పరుగులో ఉండగానే చేయి వదలబడింది. మేక గుండం నడిమధ్యన పడింది. అంచుకు తగలనైనా లేదు. "పొరపాటున" అన్న మాటను ఆ గ్రంథం నుంచి వెంటనే కొట్టివేయి.

నీ మిగతా ఆరోపణల విషయం. అవును, అది ఆటే. అవతలి లోయవారు సవాలు చేయడం వల్ల ఆట పెట్టబడింది. బరువైన మేక అవసరమైంది. మన సెర్కె ఇవ్వబడింది. మనవైపు ఒక రౌతుకు చేయి బెణికింది. అతని స్థానంలో గుర్రం ఎక్కబడింది.

నీవడిగిన లేఖ మాత్రం నేను రాయలేను. పిల్లలు అబద్ధమాడితే అరచేయి చాపమన్నవాడిని. ఆ అరచేతులు ఇప్పుడు ఈ జిల్లాలోని ప్రతి కార్యాలయంలోనూ ఉన్నాయి. మీ మండలిలో కూడా నా దగ్గర చదివినవారు ఉండకపోరు. వారి ముందు, ఒంటి చెవి తోడేలును నేనే పుట్టించానని ఏ ముఖంతో రాయను?

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. పోయిన ఏడాది నా తుంటి ఎముక విరిగినప్పుడు మీ అత్తయ్య అన్న మాట నీకు తెలియదు. "ఇంకోసారి గుర్రమెక్కావో, నేను మా పుట్టింటికి పోను. నిన్నే మీ పుట్టింటికి పంపిస్తాను" అంది. నా పుట్టిల్లు ఇదే. అందువల్ల ఆ మాటకు అర్థమేమిటో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆ రోజు ఆమె పైన గుడారంలో ఉంది. నేను పెద్దల వరుసలో కంబళి మీద కూర్చుని ఆట చూశానని నమ్ముతోంది. మేకను మా గడప మీద విసిరింది నా తెల్లగడ్డానికి గౌరవంగా అనుకుంటోంది.

నన్ను క్షమించు తల్లీ. ఇంకేదైనా అడుగు. మేక కావాలంటే మేక ఇస్తాను.

సగీనాలీ

*

బిష్కెక్,
ఆగస్టు 13.

మామయ్యా,

"ఇవ్వబడింది." "నొక్కిపట్టబడింది." "గుర్రం ఎక్కబడింది." ఎవరు చేశారో చెప్పకుండా వాక్యం రాసినవాడిని మీరు బల్ల ఎక్కించేవారని మా అమ్మ చెప్పేది. మీరు ఏ బల్ల ఎక్కారో నాకు అర్థమైంది. తోక ఉన్న బల్ల.

అసలు సంగతి చెప్పేస్తాను. ఎలెబెస్ గారు ఆ రౌతుని గోనెసంచి అనలేదు. "ఇలా కళ్లెం ఒకవైపు చూపించి మోకాలితో ఇంకోవైపు తిప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, ఎవడో పాతకాలపు మొనగాడు" అని, టీ చల్లారిపోయేదాకా గోడ ముందే నిలబడ్డారు. గోనెసంచి నా సొంత కవిత్వం. మీకు రోషం వస్తే నిజం దానంతటదే బయటికి వస్తుందని తెలుసు. వచ్చింది. తిట్టండి, పడతాను.

ఇప్పుడు వేళాకోళం కాదు. పరీక్ష సెప్టెంబరు మొదటి సోమవారం. మీ నాలుగో తేదీ ఉత్తరం నేను ఎవరికీ చూపించను. అది మీరు నాకు రాసింది, మండలికి కాదు. మీరు వద్దన్నాక మీ గుట్టు బయటపెట్టి పట్టా తెచ్చుకుని, మళ్లీ మీ గుడారంలో కూర్చుని ఏ మొహంతో టీ తాగను? రౌషన్ గారు తోడేలు గురించి అడిగితే, నాకు తెలియదు అంటాను. తెలియదన్నవాళ్లకి పట్టా ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి, అంతే. ఇంజినీర్లు నా కోసం ఆగరు, వేరే ఎవరి లెక్కో చూసుకుంటారు.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఏం జరుగుతుందో మీకు తెలియాలని రాశాను.

పరీక్షకి అత్తయ్యని రమ్మని పిలిచాను. అమ్మ లేదు కదా, మన వైపు నుంచి ఒక్కరైనా ముందు వరసలో కూర్చోవాలని. ఉలాన్ జీపులో తీసుకొస్తానన్నాడు. మీరు వస్తే ఇంకా సంతోషం. రాకపోయినా అర్థం చేసుకుంటాను.

కచ్కిన్ బాబాయి కడుపులోని గొట్టం మొన్న పొద్దున వాగు పక్క పొదల దగ్గర ఆగి, ఇక కదల్లేదు. ఆయన మాత్రం తేలిగ్గా ఇంటికి వెళ్లి ఉంటారని ఊహిస్తున్నాను.

మీ
కుందూజ్

*

కోక్-జార్ జైలో,
ఆగస్టు 25.

బిష్కెక్ నగరంలో కుమారి కుందూజ్ సిద్ధాంతగ్రంథాన్ని పరీక్షించేందుకు సమావేశమైన గౌరవనీయులైన ఆచార్యులకు, అల్మాటీ నుంచి విచ్చేసిన విదుషీమణి రౌషన్ గారికి, విశ్రాంత భాషోపాధ్యాయుడు సగీనాలీ వినయపూర్వకంగా చేసుకొను విన్నపము.

మీ వద్దనున్న, తేదీ లేని లేఖ నాది. అందులోని తోడేలు కూడా నాదే. అటువంటి జంతువు ఆ రోజు కోక్-జార్ దరిదాపుల్లోకి రాలేదు. దాని ఒంటి చెవి వాక్యానికి నిండుదనం కోసం చేర్చాను. తేదీ ఎందుకు వేయలేదంటే, ఆ తేదీన కింది మైదానంలో కోక్-బోరు జరిగిందని జిల్లా అంతటికీ తెలుసు.

జరిగినది ఇది. అవతలి లోయవారు ఆటకు వచ్చారు. మా వైపువారు తెచ్చిన మేక బక్కది. దాన్ని చూసి వారు నవ్వారు. అప్పుడు నా పొరుగువాడు కచ్కిన్, పదిమందీ వినేలా అన్నాడు:

"మాస్టారి మందలో ఏనుగులాంటి సెర్కె ఉంది. కానీ ఏం లాభం, దాన్ని ముట్టుకోవాలంటే బిష్కెక్ నుంచి మేనకోడలు కాయితం పంపాలి."

"ఎవరన్నారు?" అన్నాను.

"ఎవరూ అనక్కర్లేదు. మీ సొంత మేకకి మీరే కాపలావాళ్లంట కదా ఇప్పుడు. జీతం ఏమన్నా ఇస్తోందా ఆ పిల్ల?"

అయ్యలారా, ఆ నవ్వుల మధ్య నేనే వెళ్లి, నా చేతులతోనే సెర్కెను తెచ్చి ఇచ్చాను. పరిశోధన గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. పక్కకు నెట్టాను. కుందూజ్‌కు ఇందులో ఏమీ తెలియదు. ఆమె అడిగిన ప్రతిసారీ ఒక కొత్త అబద్ధం రాశాను. ఒకటి నిలబెట్టడానికి రెండవది కావలసి వచ్చింది. వేడినీటి ఊటను కూడా నేనే తవ్వాను.

కనుక ఆ పగలు మందలో సెర్కె లేదు. గొర్రెలు దిక్కులేక ఉన్నచోటనే తిరిగాయని ఆమె గొట్టాలు చెబుతున్నాయి. సాయంత్రం మా పిల్లలు వెళ్లి తోలుకొచ్చేవరకు అవి ఆ గుట్ట దాటలేదని నేనూ చెబుతున్నాను. ఆమె సమీకరణానికీ, ఆనాటి మందకూ ఎక్కడా తగాదా లేదు. తగాదా నా లేఖతోనే. దాన్ని ఈ లేఖతో రద్దు చేస్తున్నాను.

నిన్న కచ్కిన్‌తో ఈ సంగతి చెప్పాను. "అయితే ఆ రోజు నా పంటికింద పడింది రాయి కాదా?" అన్నాడు. కాదన్నాను. "మీ ఇంట్లో విందులో రాయి వచ్చిందంటే మీ ఆవిడ బాధపడుతుందని మింగేశాను మాస్టారూ" అన్నాడు. ఆ తర్వాత, "మరి నేను ఎటెటు తిరిగానో అన్నీ ఆ పిల్లకి తెలిసిపోయాయా?" అని అడిగాడు. తెలిసిపోయాయన్నాను. అప్పటి నుంచి గుడారం బయటికి రావడం లేదు. అతని ఏ తిరుగుడు అతన్ని అంత కలవరపెడుతోందో నేను అడగలేదు.

ఇక చివరి సంగతి. ఆటలో చివరి పరుగును ఒక రౌతు పూర్తి చేశాడు. గోడ మీది చిత్రంలో మీరూ చూసే ఉంటారు. ఆ రౌతును నేను. తుంటి ఎముక అతికి ఏడాది తిరగని మనిషిని, మావాడి చేయి బెణికితే, ఎవరూ పిలవకుండా వెళ్లి అతని గుర్రం ఎక్కాను. మేకను తొడ కింద నేను నొక్కిపట్టాను. కళ్లెం ఎడమకు నేను చూపాను, గుర్రాన్ని కుడికి నేను తిప్పాను. గుండం నడిమధ్యన నేను పడవేశాను. ఈ వాక్యాలన్నిటికీ కర్త ఒక్కడే. ఎవరి మీదకీ నెట్టడానికి వీలులేదు. చేసినదానికి సిగ్గుపడుతున్నాను. ఆ మలుపుకు మాత్రం సిగ్గుపడలేను. చాలా ప్రయత్నించాను, చేతకాలేదు.

ఈ లేఖ మీకు అందేసరికి మీ సభలో ముందు వరుసలో, తెల్లటి తలగుడ్డ చుట్టుకుని, ఒడిలో కురుత్ సంచితో ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ఆమె నా భార్య బురుల్. గుర్రం సంగతి ఆమెకు ఇంకా తెలియదు. ఇంట్లో చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆమె చేతిలో గరిటె ఉంది. ఇంతమంది ఆచార్యుల నడుమ ఆమె గొంతు పెంచదు, చేతికి అందే వస్తువు కూడా ఏదీ ఉండదు. కోపం చల్లారడానికి బిష్కెక్ నుంచి కోక్-జార్ దాకా జీపు ప్రయాణం ఉంది. ఉలాన్‌ను ఘాటు దారిలో నెమ్మదిగా రమ్మని చెప్పాను.

కాబట్టి నా విన్నపం ఇది. కుందూజ్‌ను మీరు మొదటి ప్రశ్న అడగకముందే, ఆచార్య ఎలెబెస్ గారు లేచి నిలబడి, ఈ లేఖను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఒక్క మాట విడవకుండా, మలుపు దగ్గర తొందరపడకుండా, ముందు వరుసకు స్పష్టంగా వినబడేలా పైకి చదవవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
భవదీయుడు
సగీనాలీ